టెర్మినల్ చూడకుండానే కొత్త బ్యాటరీ ఏంటండీ?

కారు స్టార్ట్ అవ్వట్లేదు అనగానే మెకానిక్ నోటి నుంచి వచ్చే మొదటి మాట "బ్యాటరీ పోయింది సార్, మార్చాల్సిందే". బానెట్ ఎత్తావా? బ్యాటరీకి వైరు బిగించే ఆ టెర్మినల్ పట్టుకుని కదిపి చూశావా? మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు, అంటే ఫుల్ ఛార్జే చూపిస్తోంది, కనీసం లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగించి వోల్టేజీ నిలుస్తుందో లేదో చూడటం) కూడా చెయ్యకుండా పోయిందని ఎలా చెప్తావ్? కీ తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం, డాష్‌బోర్డు లైట్లన్నీ డిమ్ము, అలాంటప్పుడు కనెక్షన్లని కూడా అనుమానించాలి కదా, ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్ల పైనే లాగుతుంది, టెర్మినల్ మీద తెల్లగా ఆకుపచ్చగా బూజులా తుప్పు పేరుకుని ఉంటే అంత కరెంటు ఎలా వెళ్తుంది చెప్పండి! ఇంక బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే ఎర్త్ వైరుని బాడీకి బిగించిన బోల్టు వైపైతే ఎవరూ తొంగి కూడా చూడరు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య మీటర్ పెట్టండి చాలు, 0.5 వోల్టు దాటిందంటే గొడవంతా ఎర్త్‌లోనే. స్పానరు, ఎమెరీ పేపరు, చివర్లో కాస్త వాజెలిన్, అంతే. దీనికి వేలకు వేలు బిల్లా? పైగా కొత్త బ్యాటరీ పెట్టి అదే తుప్పు పట్టిన క్లాంపు మళ్ళీ బిగించి పంపిస్తారు, వారం తిరక్కుండా బండి మళ్ళీ మొరాయిస్తుంది, అప్పుడేమో సెల్ఫ్ మోటారు పోయిందంటారు. కష్టపడి సంపాదించిన డబ్బులండీ అవి, ముందు ఆ వైర్లు చూడండయ్యా!