లైటు వెలిగినంక 80 కిలోమీటర్లా?

కార్ల పెట్రోలో డీజిలో అయిపోవస్తుందని చెప్పే లైటు వెలిగినా 80 కిలోమీటర్లు నిమ్మళంగ పోవచ్చు అని రాసిన్రు గని అన్నా, అన్ని బండ్లకు ఒక్కతీర్గ ఉండదు. చిన్న కారుకు 35 లీటర్ల ట్యాంకు అనుకుంటే లైటు వెలిగేసరికి సుమారు 5 లీటర్లు మిగుల్తది, లీటరుకు 15 ఇస్తే లెక్కకు 75 వస్తది నిజమే, అదే మేడారం జాతర టైంల ములుగు దాటినంక ఏసీ ఏస్కొని ఫస్ట్ గేరు సెకండ్ గేరుల పాకుకుంట పోతే సగం గూడ రాకపోవచ్చు. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతదో డిస్‌ప్లేల చూపెట్టేది గూడ అప్పటిదాంక ఇచ్చిన మైలేజీ మీద ఏసిన అంచనానే, ముంగట రోడ్డు ఎట్లుందో దానికేం ఎర్క!

ఇంకోటి, ఇప్పటి పెట్రోల్ కార్లల్ల ఫ్యూయల్ పంపు ట్యాంకులనే ఉంటది, దాన్ని సల్లగ ఉంచేది ఆ పెట్రోలే, ఎప్పుడూ అడుగంటేదాంక నడిపితే పంపు జల్ది ఖరాబైతది. డీజిల్ బండికైతే ఇంకా గోస, మొత్తం ఖాళీ అయితే లైన్లకు గాలి జొరబడ్తది, క్యాన్ల తెచ్చి పోసినా చానా బండ్లు ఎంటనే స్టార్ట్ కావు, గాలి తీయాలె. రాత్రిపూట తాడ్వాయి అడవిల మెకానిక్ యాడ దొరుకుతడు? ఏటూరునాగారం దిక్కు పోయేటోళ్లు లైటు ఎలగకున్నా సరే ములుగులనే కొట్టిచ్చుకోండ్రి.