మంచినీళ్లు ముట్టని మహాజనం

ఆచారాల మీదా కోర్టు తీర్పుల మీదా నడిచే ఇంగ్లండు చట్టం, అంటే కామన్ లా, ఘనత గురించి ఉపన్యసించే పెద్దలు ఎప్పటికైనా పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయవేత్త సర్ జాన్ ఫోర్టెస్క్యూ పేరెత్తకుండా ఉండలేరు గనుక, 1468–71 మధ్య ఆయన లాటిన్‌లో రాసిన ఇంగ్లండు చట్టాల స్తోత్రాన్ని మనమూ భక్తిశ్రద్ధలతో పారాయణ చేయవలసిందే. ప్రజల సమ్మతి లేనిదే రాజు చట్టం మార్చరాదు, పన్ను వేయరాదు అన్నది అందులోని సిద్ధాంతం. ఆయన కొలిచిన ఆరవ హెన్రీ అధికారం అప్పటికి ఎంత పరిమితమైపోయిందంటే, ఆ కాలంలో చాలా భాగం ఆ రాజు గద్దె పోగొట్టుకుని లండన్ టవర్‌లో ఖైదీగానే గడిపాడు.

గ్రంథమంతా హెన్రీ కొడుకైన యువరాజుకు ఛాన్సలర్, అంటే ఫోర్టెస్క్యూగారే, చెప్పే పాఠం. ప్రవాసంలో వారు తలదాచుకున్న కోట యువరాజు తల్లి మార్గరెట్ పుట్టింటివారు ఇచ్చినది. ఆమె ఫ్రెంచి ఆడపడుచు. ఆ ఇంటి ఉప్పు తింటూనే ఛాన్సలర్‌గారు ఫ్రెంచి రైతును ఏకరువు పెడతారు: వాడు నీళ్లు తాగుతాడట, గోనెలాంటి ముతక గుడ్డ కడతాడట, వాడి ఆడవాళ్లు పండగనాడు తప్ప చెప్పులు తొడగరట. ఇంగ్లండులోనో, వ్రతానికో ప్రాయశ్చిత్తానికో తప్ప ఎవరూ నీళ్లు ముట్టరట! న్యాయశాస్త్రంలో ఇంత బలమైన సాక్ష్యం మరొకటి లేదు. దాహం వేసినవాడికి రాజ్యాంగం లేనట్టే.

ఫ్రెంచి రాజు తన ఉప్పును తాను చెప్పిన ధరకే జనం చేత కొనిపిస్తాడనీ, నేరం ఒప్పించడానికి చిత్రహింసలు పెడతారనీ కూడా ఆయన ఈసడించుకుంటారు. న్యాయమే. అయితే 1805లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టినది ఫ్రెంచి రాజు కాదు, ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ. సముద్రం మనది, ఎండ మనది, ఉప్పు మాత్రం వాళ్లది! ఎవడి సమ్మతి అడిగారు? శిస్తు కట్టలేని రైతు వేళ్లను కిట్టి అనే కర్రల బిగింపులో పెట్టి నలిపారనీ, మెడ వంచి కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టారనీ 1855లో వారి సొంత విచారణ సంఘమే మద్రాసులో నివేదిక రాసింది. ఆ వేళ్లు నలుగుతున్నప్పుడు, చిత్రహింసకు బదులుగా ఫోర్టెస్క్యూగారు పొగిడిన పన్నెండుమంది జ్యూరీ ఎక్కడ చచ్చింది?

ఫోర్టెస్క్యూగారి కథ సుఖాంతమే. 1471లో ట్యూక్స్‌బరీ యుద్ధంలో యువరాజు చనిపోయాడు, గురువుగారు పట్టుబడ్డారు. కొత్త రాజు నాలుగవ ఎడ్వర్డ్ హక్కును కాదంటూ గతంలో తాను చేసిన వాదనలన్నీ తప్పని స్వహస్తాలతో రాసిచ్చి, క్షమాపణ పొంది, ఆ రాజు కొలువులోనే చేరారు. ఉప్పు అధ్యాయం కూడా వెనక్కి తీసుకోమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కంపెనీవారికి కాస్త మొహమాటం తప్పేది.