చేపా చేపా ఎందుకు పడలేదు?

గాలం వేయడంలో నాకున్న అనుభవం ఇరవై రెండు ఎరల పెట్టెలు. ఏళ్ళలో చెప్పమంటే పదకొండు. చేపల్లో చెప్పమని అడిగేవారికి ఈ విద్యలో ఓనమాలు కూడా రావని అర్థం. కచేరీ ముగించుకుని వచ్చిన విద్వాంసుణ్ణి ఎన్ని కిలోలు పాడారని ఎవరైనా అడుగుతారా?

ఇన్నాళ్ళూ నా అభిరుచులను నాలోనే దాచుకున్నాను. పోయిన నెల చెన్నై వేలచేరిలోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మన తెలుగు కుర్రాడొకడు, చేతిలో కొత్త గాలపు కర్రతో, "అంకుల్, ఏ ఎరైనా ఒకటే కదా?" అన్నాడు. నాలుగో అంతస్తు వచ్చేలోపు జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. అందుకే కలం పట్టవలసి వచ్చింది.

ముందు చేప సంగతి. బాస్ అమెరికా చేప. పెద్ద నోరు, చిన్న ఓపిక. టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఆరేసి నెలలు ఉండవలసి వచ్చినప్పుడు దానితో పరిచయమైంది. పిల్లలు ఆఫీసుకు వెళ్ళాక అక్కడ తల్లిదండ్రులకు మిగిలేవి రెండే: టీవీ సీరియల్, ఇంటి వెనక చెరువు. మా ఆవిడ మొదటిది తీసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు ఉద్యోగంలో బాసులు వేసిన ఎరలకు తగులుకుంటూ బతికిన మనిషి, బాస్‌కే ఎర వేసే అవకాశం వస్తే వదులుకుంటాడా? టెక్సాస్‌లో రోజుకు ఐదు బాస్‌లకు మించి పట్టకూడదు, పద్నాలుగు అంగుళాల కన్నా పొట్టిదైతే నీళ్ళలో వదిలేయాలి. ఈ రెండు నిబంధనల్లో ఏ ఒక్కదాన్నీ ఉల్లంఘించే అవసరం నాకు ఏనాడూ రాలేదు.

చెన్నైకి తిరిగి వచ్చాక ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది. ఇక్కడ బాస్ లేదు. అయినా పెట్టెలు ఊరుకోనివ్వవు కదా. పుస్తకాలు తిరగేస్తే, మన పండుగప్పను, అంటే ఇక్కడివాళ్ళు కొడువా అనే చేపను, ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్ అంటారని తేలింది. ఆ బాస్‌కూ ఈ బాస్‌కూ చుట్టరికం బహు దూరమని శాస్త్రజ్ఞులు అంటారు. అనుకోనివ్వండి. మనలో ఇంటిపేరు ఒకటైతే చాలు, అన్నదమ్ముల కిందే లెక్క. పైగా కేంద్ర ప్రభుత్వ ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ, 'సీబా', ఉన్నది ఈ ఊళ్ళోనే. 1997లో పండుగప్పకు హేచరీలో పిల్లలను పుట్టించింది కూడా వాళ్ళే. ఈ చేపలు మగవిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడవిగా మారతాయట. దాంతోపాటు అభిరుచులు కూడా మారవచ్చని ఆలోచించి, ప్రతి ఎరనూ రెండేసి కొన్నాను. ఈ తర్కం మా ఆవిడకు ఇంకా పూర్తిగా వివరించలేదు.

ఇక రంగులు. టీ నగర్ చీరల దుకాణంలో మా ఆవిడ రెండు ఆకుపచ్చ చీరలు ముందు పెట్టుకుని నలభై నిమిషాలు ఆలోచిస్తుంటే "రెండూ ఒకటేగా!" అని విసుక్కున్నవాణ్ణి నేను. అది అజ్ఞానపు రోజుల మాట. ఇప్పుడు నా ఏడో పెట్టెలో పచ్చటి ప్లాస్టిక్ వానపాములే పద్నాలుగు రకాలున్నాయి. గ్రీన్ పంప్‌కిన్, వాటర్‌మెలన్ సీడ్, మోటార్ ఆయిల్... గుమ్మడికాయ, పుచ్చగింజ, ఇంజను నూనె. పేర్లు నేను పెట్టినవి కావు, పొట్లాల మీద అలాగే ఉంటాయి.

గ్రీన్ పంప్‌కిన్‌ను బాల్కనీ వెలుతురులో ఎత్తి పట్టుకుంటే ముందు వట్టి పాచి రంగులా కనిపిస్తుంది. ఇంకాస్త తిప్పితే లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. తోక సన్నబడే చోట వెలుతురు దూరి తేనె రంగు వస్తుంది. వాటర్‌మెలన్ సీడ్‌లోనూ చుక్కలు నల్లవే, కానీ ఒళ్ళు లేత పచ్చ. ఈ తేడా కనిపించనివారితో నేను వాదించను. ఎండ కాసే రోజు ఇది, మబ్బు రోజు అది. ఎండా మబ్బూ కలిసిన రోజు ఇల్లు కదలను.

"చేప పుచ్చకాయను ఎక్కడ చూసిందండీ?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. సీరియల్ విరామంలో వచ్చే ప్రశ్నలకు నేను జవాబివ్వను.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాత్రం నన్ను గట్టి దెబ్బ కొట్టారు. బాస్ కంట్లో రంగులు పట్టే కణాలు రెండే రకాలట. ఎరుపునూ ఆకుపచ్చనూ బాగానే పోల్చుకుంటుందట. నలుపుకూ నీలానికీ, తెలుపుకూ నిమ్మపండు మెరుపు పసుపుకూ తేడా పట్టలేదట. నా పన్నెండో పెట్టె నిండా ఉన్నవి నలుపు, నీలం కలిపిన ఎరలే. ఆ సంగతి చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు తేరుకున్నాను. తెలియకపోవడం చేప లోపం. తినేవాడు గుర్తుపట్టడని పులిహోరలో ఇంగువ మానేస్తామా?

రుచుల మాట వచ్చింది కాబట్టి, ఈ వానపాముల్లో చాలావాటికి ప్లాస్టిక్‌లోనే ఉప్పు పట్టిస్తారు. కొన్నిటికి వెల్లుల్లి వాసన కూడా. పొట్లంలో నూనె ఊరుతూ ఉంటుంది. ఆవపిండి, కారం తగిలిస్తే కిరాణా కొట్లో పెట్టి ఆవకాయగా అమ్మేయవచ్చు. వెల్లుల్లి సారం సీసానొకదాన్ని నేను పొరపాటున వంటింటి అరలో పెట్టడం, ఆ వారం మా అత్తగారు ఊరి నుంచి రావడం, తరువాత ఇంట్లో జరిగిన చర్చ ఈ వ్యాసానికి అప్రస్తుతం.

దారంలో మూడు మతాలున్నాయి. నైలాన్ సాగుతుంది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, నీళ్ళలో అంతగా కనిపించదు. అల్లిన దారం అసలు సాగదు, కానీ గుడ్డి చేపకు కూడా కనిపిస్తుంది. ఒక మతం వారు రెండో మతం వారితో మాట్లాడరు. నేను అల్లిన దారం చివర ఆరడుగుల ఫ్లోరోకార్బన్ ముడివేస్తాను. రామానుజులు పుట్టిన శ్రీపెరుంబుదూరు మాకు ఎంతో దూరం కాదు, ఇక్కడ విశిష్టాద్వైతమే నప్పుతుంది.

కర్ర ఏడడుగులు. రీలు బెయిట్‌కాస్టర్, నిష్పత్తి 7.1:1. అంటే పిడి ఒక్కసారి తిప్పితే స్పూలు, అదే దారం చుట్టి ఉండే చక్రం, ఏడు చుట్ల పైచిలుకు తిరుగుతుంది. విసిరేటప్పుడు బొటనవేలితో సమయానికి నొక్కకపోతే స్పూలు దారం కన్నా ముందుకు తిరిగిపోయి, గిజిగాడు సిగ్గుపడేంత గూడు కట్టేస్తుంది. మామూలు స్పిన్నింగ్ రీలుతో ఈ బాధ ఉండదు, ఎనిమిదేళ్ళ పిల్లవాడైనా విసరగలడు. అందుకే అది నాకు నచ్చదు. నా గూడును నేను ఇరవై నిమిషాల్లో విప్పుకోగలను. పోయిన ఏడాది యాభై నిమిషాలు పట్టేది.

చరిత్రలోకి వెళితే మనసు కష్టపడుతుంది. 1936లో ఫిన్లాండులో లౌరి రాపాలా అనే జాలరి బెండు ముక్కను చేప ఆకారంలో చెక్కి, చాక్లెట్ల మీది రేకు చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. దెబ్బతిని ఒరిగి ఈదే చిన్న చేపను పెద్ద చేప ముందు పట్టుకుంటుందని గమనించి, అలా ఒరుగుతూ నడిచేలా తయారుచేశాడు. గొప్ప విషయమే. కానీ ఆయనకు బతుకుతెరువే తప్ప రంగుల మీద శ్రద్ధ ఉన్నట్టు లేదు. ఆయన పేరుతో వచ్చే ఎరలు నా దగ్గర అరవై మూడున్నాయి. లెక్కలో ఆయన్ను ఎప్పుడో దాటేశాను.

1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెరీ అనే కుర్ర రైతు చేసిన పని ఇంకా దారుణం. పట్టింది 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్, మన లెక్కలో పది కిలోల పైమాటే, ప్రపంచ రికార్డు. అతనికీ పక్కనున్న స్నేహితుడికీ కలిపి ఆ రోజు ఒకే కర్ర, ఒకే ఎర ఉన్నాయని చెబుతారు. ఒకే ఎర! ఎంచుకోవడానికి రెండోది లేనివాడికి అభిరుచి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా చేపను తూకం వేయించి, ఇంటికి పట్టుకుపోయి అందరూ కలిసి తినేశారు. డెబ్భై ఏడేళ్ళ తరువాత, 2009 జులైలో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికి సమానమైన బాస్‌ను పట్టాడు. ఏ రంగు ఎరతోనో అని ఆత్రంగా చదివాను. బతికున్న చిన్న చేపను గుచ్చి వేశాడట. ప్రపంచంలో అతి పెద్ద బాస్‌లు రెండూ ఇలా అభిరుచి లేని చేతుల్లో పడ్డాయి. రికార్డు పుస్తకంలో చేప బరువు పక్కన పట్టినవారి పెట్టెల సంఖ్య కూడా వేస్తే గానీ ఈ అన్యాయం సరికాదు.

మన సాహిత్యం కూడా ఇందులో తక్కువ తినలేదు. ఏడుగురు రాజకుమారులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఒక చేప ఎందుకు ఎండలేదని గడ్డిమేటు నుంచి చీమ దాకా విచారణ జరిపించిన కథకుడు, ఆ ఏడూ ఏ రంగు ఎరకు పడ్డాయో ఒక్క ముక్క చెప్పలేదు. తరతరాలుగా ఈ లోపం మీద ఎవరూ గొంతెత్తలేదు.

పోయిన ఆదివారం మా బావమరిదిని వెంటబెట్టుకుని చెన్నైకి దక్షిణాన ఉన్న ముట్టుకాడు వెళ్ళాను. ఈశాన్య రుతుపవనాల వానలకు ఇసుక తిన్నె తెగి, వెనకజలాలు సముద్రంలో కలిసే కాలం. మన ఆంధ్రలోని పెద్దగంజాం దగ్గర మొదలైన బకింగ్‌హామ్ కాలువ ఇక్కడి మీదుగానే మరక్కాణం దాకా పోతుంది. కాబట్టి ఆ నీళ్ళ మీద మనకూ కొంత హక్కుంది. తెల్లవారి ఆరింటికి ఆరు పెట్టెలు గట్టు మీద పరిచాను. పక్కనే ఒక కుర్రాడు నీళ్ళ సీసాకు చుట్టిన దారం విప్పి, కొనకు బతికున్న రొయ్యను గుచ్చి విసిరాడు.

ఇక్కడ మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. ఆ కుర్రాడికీ ఏమీ పడలేదు. మూడు గంటలు ఇద్దరం సరిసమానంగా ఏమీ పట్టలేదు. అయితే అతను పట్టకపోవడానికీ, నేను పట్టకపోవడానికీ నాణ్యతలో చాలా తేడా ఉంది. అతను ఒకే రొయ్యతో పట్టలేదు. నేను పంతొమ్మిది ఎరలు మార్చి పట్టలేదు.

"బావగారూ, ఎందుకు పడలేదంటారు?" అని మా బావమరిది అడిగాడు. నీళ్ళు మసకగా ఉన్నాయన్నాను. మసక ఎందుకంటే, పోటు వచ్చింది. పోటు ఇంతగా ఎందుకంటే, అమావాస్య. మరి అమావాస్య నాడే ఎందుకొచ్చాం బావగారూ అంటే, నీకు సెలవు ఆదివారమే కదా అన్నాను. అతను నా పెట్టెల వంక, తన చేతి గడియారం వంక చూసి ఊరుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు, మసక నీళ్ళకు నిమ్మపసుపు వేయాలని. పందొమ్మిదో పెట్టె, అడుగున ఉన్న అర. గబగబా వేలు పెట్టాను. బంగారు పుట్టలో వేలు పెడితే చీమ ఊరుకుంటుందా? మూడు కొక్కేల గాలం. అందులో ఒకటి బొటనవేలిలో, మొన దగ్గరుండే ఎదురు ముల్లు కూడా దాటి దిగింది. విసిరేటప్పుడు స్పూలును నొక్కే వేలే. ముల్లును పటకారుతో ముందే నొక్కేస్తే సులువుగా ఊడివస్తుందని చెప్పేవారున్నారు. అది పిరికివాళ్ళ పద్ధతని నేను రెండు సభల్లో చెప్పి ఉన్నాను.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మకు ఇలాంటివి కొత్త కాదట. గాలం వంపులో దారం ఒక చుట్టు వేసి, కాడను చర్మానికి అదిమిపట్టి, ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుందని చెప్పి, నర్సును దారం అడిగింది. నా సంచిలో పన్నెండు పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ ఉందని, మామూలు దారం సాగి పట్టు తప్పుతుందని చెప్పాను. మా బావమరిది దాన్ని అరవంలోకి అనువదించాడు. అంతా అనువదించలేదని నా అనుమానం. డాక్టరమ్మ కుట్లు వేసే దారమే వాడింది. టకీమని వచ్చింది. టెటనస్ సూది వేసి, ఎరను గాజుగుడ్డలో చుట్టి ఇచ్చేశారు. కొక్కెం మొన కొంచెం కూడా వంగలేదు. ఈ రకం గాలాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

పదకొండేళ్ళుగా రాస్తున్న నా నోటు పుస్తకంలో ఆ రాత్రి ఎడమ చేత్తో వివరాలు నింపాను. స్థలం: ముట్టుకాడు. నీళ్ళు: మసక. ఎర: నిమ్మపసుపు, అడుగు అర. పడినవి: ఒకటి. పొడవు: పద్నాలుగు అంగుళాల పైనే. బరువు: డెబ్భై ఎనిమిది కిలోలు. వదిలేసినవి అన్న గడిలో కూడా ఒకటి అని వేశాను.