నడిపితే తెగే చైను గారికి

మహారాజశ్రీ టీ-72 ట్యాంకు ఎడమపక్క చైను గారి దివ్య సముఖమునకు,

తిరుపతి నుంచి, ముక్కలు అతికించి ట్యాంకు బొమ్మ చేస్తూ మీ పిన్నులు గుచ్చుకుని చూపుడువేలి కొన పోగొట్టుకున్న భక్తుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరే క్షేమంగా లేరు. మీ లింకులు ఎనిమిది టీవీ స్టాండు కింద దొరికాయి, మూడు సోఫా సందులో దొరికాయి, మిగతా శరీరం డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరుచుకుని పడుకుని ఉంది. ఒక్క లింకు మాత్రం కనపడలేదు. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడేదాకా ఫోను టార్చి వేసుకుని, హాల్లో నేల మీద బోర్లా పడుకుని, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా జరుగుతూ వెతికాను. మా ఆవిడ నన్ను దాటుకుని పోతూ "పొర్లుదండాలు కొండ మీద పెడతారు, ఇంట్లో కాదు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెట్టె మీద మీ గురించి మీరు ఏం రాసుకున్నారో ఒకసారి గుర్తు చేస్తాను, కోపగించుకోకండి. వర్కబుల్ ట్రాక్స్. పని చేసే చైన్లు! ఆ ఒక్క మాట చూసి, రబ్బరు చైను ఇచ్చే చవక కిట్టు వదిలేసి మిమ్మల్ని తెప్పించుకున్నా. రబ్బరుదయితే రెండు కొసలు అంటించి చక్రాలకి తొడిగితే అరగంటలో పని అయిపోయేది. మీ సంగతి అట్లా కాదు కదా. ఒక్కో పక్కకి 97 లింకులు, ఒక్కో లింకుకి రెండు పిన్నులు, రెండు పక్కలా కలిపి 582 ముక్కలు. అసలు ట్యాంకు చైను వెడల్పు 580 మిల్లీమీటర్లు, బొమ్మ అందులో 35వ వంతు కాబట్టి 35తో భాగిస్తే మీ వెడల్పు పదహారున్నర, లింకు పొడవు నాలుగు కూడా లేదు. ప్రతి ముక్కనీ అది అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి నిప్పరుతో కత్తిరించాలి, అతుకు మచ్చ బ్లేడుతో చెక్కాలి, సాండ్ పేపరు పట్టాలి, పిన్ను దూర్చాలి, పిన్ను తలకాయకి మాత్రమే ఆవగింజలో సగమంత గ్లూ అంటించాలి. గ్లూ ఒక్క పిసరు ఎక్కువై లోపలికి జారిందా, పని చేసే చైను అక్కడికక్కడ కర్రలా బిగుసుకుపోతుంది. పదకొండు రాత్రులు పట్టింది నాకు.

అలిపిరి నుంచి కొండకి 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర ప్రాణం పోయినంత పనవుతుంది గానీ ఎక్కేశాక పైన స్వామి ఉంటాడు. మీ 582 ముక్కలూ ఎక్కాక పైన ఏముంది? స్కర్టు ఉంది. టీ-72కి చైను మీద మడ్‌గార్డు, ఆ మడ్‌గార్డు నుంచి కిందికి వేలాడే రబ్బరు స్కర్టు. పై వరసలో ఉండే ముప్పై చిల్లర లింకులు అది తగిలించిన క్షణం నుంచి ఇక ఈ జన్మలో ఎవరికీ కనపడవు. అతుకు మచ్చ చెక్కినా ఒకటే, చెక్కకపోయినా ఒకటే. ఈ ముక్క ఇన్‌స్ట్రక్షన్ షీటు మొదటి పేజీలో చెప్తే మీ సొమ్మేం పోయింది? పద్దెనిమిదో పేజీలో, చైన్లన్నీ అయిపోయాక, "ఇప్పుడు స్కర్టు అంటించండి" అని ఒక బాణం గుర్తు.

నేనేమో ఆ ముప్పైకి కూడా రంగు వేసి కూర్చున్నా. చైను అంటే నలుపే కదా అని నల్ల డబ్బా తీయలేదు. అసలు రంగు ఎట్లా ఉంటుందో చూద్దామని రేణిగుంట రోడ్డులో పని జరుగుతుంటే బండి ఆపి, పొక్లెయిన్ చైను ముందు గొంతుక్కూర్చున్నా. మట్టి కింద ముదురు గోధుమ, సందుల్లో తుప్పు, నేలకి రాసుకునే అంచులు మాత్రం కొత్త గిన్నెలాగా తళతళ. డ్రైవరు పైనుంచి వంగి చూసి "ఏం నా, ఏమన్నా పడేసుకున్నారా?" అన్నాడు. లేదు, రంగు చూస్తున్నా అంటే ఇంకో మాట మాట్లాడకుండా ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంటికొచ్చి గోధుమ రంగు కొట్టి, ఆయిల్ పెయింటుని టర్పెంటైన్లో పలచగా కలిపి సందుల్లోకి వదిలి, అంచులకి పెన్సిల్ గ్రాఫైటు రుద్ది, అలిపిరి పక్క ఎర్రమట్టి తెచ్చి గుడ్డలో జల్లించి చల్లాను. స్కర్టు వెనక ముప్పైకి కూడా.

(డికాల్స్ అనే స్టిక్కర్లు నీళ్లలో వేయగానే అప్పడంలా విరిగిన సంగతి, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ సరిగ్గా చివరి కోటింగులో ఉమ్మిన సంగతి, ఇసక రంగు అని రాసిన డబ్బాలో సాంబారు రంగు వచ్చిన సంగతి వాళ్లవాళ్లకి విడిగా రాస్తాను. ఈ లేఖ మీకే.)

ఇక మొన్నటి విషయం. తిరుపతిలో ఇల్లున్నవాడికి సొంత గది ఉండదని మీకు తెలియదు, విదేశం నుంచి వచ్చారు. ఎవరికి 300 రూపాయల టికెట్ దొరికినా మా ఇంట్లో నా టేబుల్ ఖాళీ అవుతుంది. ఈసారి కర్నూలు నుంచి మా వదినావాళ్లు. వాళ్ల ఆరేళ్ల పిల్లాడు వచ్చీ రాగానే ట్యాంకుని పట్టుకుని, తిప్పి అడుగున చూసి "చిన్నాన్నా, దీనికి బ్యాటరీ యాడ ఎయ్యాల?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడడిగిందే నిజం. ఈ 1:35 కొలత పుట్టిందే బ్యాటరీ కోసం. 1960ల మొదట్లో జపాన్‌లో తమియా వాళ్లు మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకున్నారు, తర్వాత లెక్క కడితే అసలు దాంట్లో 35వ వంతు తేలింది. తర్వాత్తర్వాత చాలా కిట్లలో మోటారు పోయింది, బ్యాటరీ పోయింది, కొలత మిగిలింది. నడవని ట్యాంకుకి పని చేసే చైను దేనికయ్యా అని ఆ పిల్లాడు అడగలేదు. వాడు నడిపాడు.

డుర్ర్ర్ అంటూ తోశాడు. ఇక్కడి నుంచి మద్రాసు రైలెక్కితే దారిలో ఆవడి వస్తుంది, మన సైన్యానికి టీ-72లు తయారుచేసిన ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఆ నలభై టన్నుల పైచిలుకు బండి కింద పడి నలుగుతూ రాజస్థాన్ ఇసకలో పరిగెత్తేది నీ అన్నగారే. నువ్వేమో మా హాల్లో మూడు బండలు దాటలేకపోయావు! పిల్లాడి బరువు కూడా కాదు, వాడి అరచెయ్యి బరువు. పట్టుమని మూడు బండలు! పని చేసే చైను అని ఎవడు రాయమన్నాడు నిన్ను? "చూసే చైను, ముట్టుకోవద్దు" అని రాసుకుని చావొచ్చుగా. వాడు గుప్పెడు లింకులు తెచ్చి "ఊడొచ్చింది చిన్నాన్నా" అంటే, వాడి ముందు ఏమీ అనలేక, "పర్వాలేదు నాన్నా" అంటూ నవ్విన నవ్వు ఇంకా నా దవడలో పట్టేసి ఉంది.

మా బీరువా మీద సగంలో వదిలేసిన బొమ్మలు వరసగా నాలుగున్నాయి: టరెట్టు లేని సెంచూరియన్, చక్రాలు లేని జీపు, రంగు లేని పీటీ-76, ముందు సగం మాత్రమే ఉన్న షెర్మన్. మా ఆవిడ వాటన్నిటికీ కలిపి తిరుపతి క్షవరం అని పేరు పెట్టింది. ఊరి పరువు నిలబెడుతున్నానంటుంది. నిన్ను అయిదోదిగా అక్కడ పెట్టేద్దామని రాత్రి పన్నెండింటికి లేచాను కూడా. తీరా పేపరు మీద నుంచి నిన్ను ఎత్తితే వేలి మీద నుంచి జారి, అటూ ఇటూ బరువుగా వేలాడి, మధ్యలో నిజం చైనులాగే కుంగావు. రబ్బరుది వంద జన్మలెత్తినా అట్లా కుంగదు. లైటు కింద అంచులు మెరిశాయి. కాసేపు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. ఒంటిగంట అయింది.

పొద్దున కర్నూలు నుంచి వదిన మా ఆవిడకి ఫోను చేసింది. పిల్లాడి నిక్కరు జేబులో నల్లటి ముక్క ఏదో ఉందట, తెగిన జిప్పు ముక్కనుకుని చెత్తబుట్టలో వేసిందట, చెత్తబండి వచ్చి వెళ్ళిందట.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, ఎడమపక్క స్కర్టు పెట్టడం మానుకున్నాను. యుద్ధంలో ఊడిపోయిందని చెప్తా, నిజం ట్యాంకులకీ ఊడిపోతుంది. మీ 97 లింకులూ, చెక్కిన ప్రతి మచ్చా, చల్లిన ప్రతి రేణువు మట్టీ జనం చూడాల్సిందే. తక్కువైన ఆ ఒక్కటీ కుడిపక్క చైను పై వరసలోంచి పీకి మీకు తగిలించాను. అక్కడ స్కర్టు ఉంటుంది, వెనకాల సందు ఉన్నట్టు మనిద్దరికే తెలుసు. మళ్ళీ ఎవరికి టికెట్ దొరికినా ట్యాంకుని ఎడమపక్కకి తిప్పే పెడతా.

కుడిపక్క చైను గారితో ఈ మాట అనకండి.

ఇట్లు,
తమ విధేయుడు