వంతుల పుస్తకం

మా బడిలో ఒక్కటే సూక్ష్మదర్శిని ఉండేది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ మేము నడిగడ్డ అని పిలుచుకునే నేలలో, గద్వాలకు దగ్గరి ఊళ్లో ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మాది. ఆ పరికరం పెద్దసారు గదిలోని ఇనుప బీరువాలో చెక్కపెట్టెతో సహా ఉండేది; తనిఖీకి అధికారులు వచ్చిన రోజు తప్ప బయటి వెలుతురు చూసేది కాదు. 1993లో మాకు సైన్సు చెప్పడానికి బదిలీ మీద వచ్చిన టీచరుగారు మొదటి నెలలోనే దాన్ని అడిగి తెప్పించి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఉల్లిపొర చూపించారు. ముందు బెంచీల మగపిల్లలు ఎగబడ్డారు. గంట కొట్టేసరికి ఆడపిల్లల్లో ముగ్గురమే చూడగలిగాం. ఊరి చివరి వాడ నుంచి వచ్చే పిల్లల్లో ఒక్కరికీ అందలేదు. మరునాడు ఆమె ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి, అందరి పేర్లూ రాసి, ఎవరు ఎంతసేపు చూశారో పేరు ఎదురుగా వేయడం మొదలుపెట్టారు. "నిన్న చూడనోళ్లు ముందు రండి బిడ్డా" అని పిలిచారు. దాన్ని మేము వంతుల పుస్తకం అనేవాళ్లం.

ఆ టీచరుగారు మూడు దశాబ్దాలకు పైగా పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని సర్కారు బళ్లలో పనిచేసి, పదవీ విరమణ చేశారు. తన పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. ఆమె పని గురించి మన సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మనం ఏటా సొంత ఊళ్ల బళ్లకు పంపే కంప్యూటర్లు, ట్యాబ్‌లు, పెద్ద తెరలు ఎన్ని అన్నదే లెక్క వేసుకుంటున్నాం గాని, అవి ఏ పిల్లవాడి చేతికి ఎన్ని నిమిషాలు అందాయన్నది ఎవరమూ అడగడం లేదు. బడిలో సాంకేతికత ఉందా లేదా అన్నది ఆ గదిలో అందరికంటే వెనక ఉన్న బిడ్డను అడిగి తేల్చుకోవలసిన విషయమని నా నమ్మకం.

2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలుపెట్టినప్పుడు ఆమె నారాయణపేట వైపు ఒక బడిలో ఉన్నారు. గదికి కొత్త రంగు, కిటికీలకు తెరలు, చెప్పులు బయట విడిచి రావాలన్న నియమం అన్నీ వచ్చాయి. ఒక్కో యంత్రం ముందు నలుగురైదుగురు పిల్లలు కూర్చునేవారు. మౌస్ మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండేది. ఆమె మళ్లీ వంతుల పుస్తకం తీశారు. నెల తిరిగేసరికి మౌస్ పట్టిన చేతులు దాదాపు ప్రతిసారీ అవే అని తేలింది: ఊళ్లో కాస్త కలిగిన ఇళ్ల మగపిల్లలవి. ఆడపిల్లలు చూసి రాసుకుంటున్నారు. తండాల నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం బస్సు తప్పిపోతుందని చివరి పీరియడు సగంలోనే లేచిపోతున్నారు, కంప్యూటర్ క్లాసు పెట్టిందేమో ఆ చివరి పీరియడులోనే. ఆమె పెద్దసారుతో వాదించి ఆ క్లాసును పొద్దుటికి మార్పించారు. పది నిమిషాలకోసారి మౌస్ చేయి మారాలన్నారు. తర్వాత ప్రైవేటు సంస్థలతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం ముగిసి, వాళ్లు పెట్టిన బోధకులు వెళ్లిపోయాక చాలా బళ్లలో ఆ గదులకు తాళాలు పడ్డాయి. ఆ బడిలో మాత్రం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఏడో తరగతి వాళ్లకు నేర్పుతూ, యంత్రాలు పూర్తిగా మూలపడేదాకా గది తెరిచే ఉంచారు.

మళ్లీ నడిగడ్డకు బదిలీ అయ్యాక ఆమె చేసిన పని నాకు ఇంకా గొప్పదిగా తోస్తుంది. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలోని జిల్లాలన్నిటిలో అట్టడుగు. జిల్లాలు విడిపోయాక అవే లెక్కలను చూస్తే జోగులాంబ గద్వాల యాభై శాతం కూడా దాటలేదు. ఇందుకు కారణాల్లో ఒకటి చేలల్లో కనిపిస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది: సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లకు మొగ్గ నలగదని, పిల్లల ఎత్తుకు మొక్క సరిపోతుందని, ఆడపిల్లలను పెడతారు. విత్తన కంపెనీలకూ రైతులకూ నడుమ ఉండే ఆర్గనైజర్ల దగ్గర తల్లిదండ్రులు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. ఇదంతా ఊళ్లో అందరికీ తెలుసు, అయినా ఎవరూ పట్టించుకోరు. ఆమె పాత హాజరు పట్టీలను విద్యార్థినుల చేత కంప్యూటర్‌లోకి ఎక్కించి, వారాల వారీగా గీత గీయించి, ఆ కాగితాన్ని గ్రామసభలో గోడకు అంటించారు. ఏటా అవే వారాల్లో, ఆరు ఏడు తరగతుల నుంచి, ఆడపిల్లల గీత కిందికి పడిపోతోంది. ఆ గీతలో తమ కూతుళ్లు ఉన్నారని తల్లులకు చదివి చెప్పిందీ ఆ పిల్లలే.

ఆ ఒక్క కాగితంతో క్రాసింగ్ ఆగిపోయిందని చెప్పను. కొన్ని ఇళ్లు పిల్లలను ఆపుకున్నాయి, కొన్ని ఆపుకోలేదు. బడికి తిరిగి రాని పిల్లల పేర్లు ఆమె దగ్గర ఇప్పటికీ ఉన్నాయి; నేను వెళ్లినప్పుడు ఆ పేర్లు ఒక్కొక్కటీ చదివి, ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చెప్పారు.

2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో సర్కారు బడి పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్ల పిల్లలను వాడకొకరి అరుగు మీద కూర్చోబెట్టే ఏర్పాటు చాలామంది ఉపాధ్యాయులు చేశారు, ఆమె కూడా చేశారు. మిగిలింది కూలీలను గుంపులుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట తల్లిదండ్రులతో కలిసి పనిచోట్లకు వెళ్లిన పిల్లల సంగతి. వాళ్ల ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో పనికి వెళ్లి, రాత్రి ఎనిమిదికి తిరిగొస్తుంది. వీడియోకు డేటా చాలదు. అందుకని ఆమె మూడు నిమిషాల మాటల పాఠాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేవారు: ఒక విషయం, ఒక ప్రశ్న, మరునాటికి జవాబు. గొంతు వినిపించి జవాబు చెప్పిన పిల్లలకు వంతుల పుస్తకంలో టిక్కు. ఖరీదైన యాప్‌లు చేరలేని చోటికి ఆ మూడు నిమిషాలు చేరాయి.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనూ నా స్నేహితులూ కలిసి ఒక బడికి కంప్యూటర్లు పంపాం. ప్రారంభోత్సవం చేశారు, ఫొటోలు వచ్చాయి, అందరం సంతోషించాం. రెండో ఏడు యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. బాగు చేయించేందుకు ఎవరికీ డబ్బు లేదు, ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదు. టీచరుగారు నాకు రాసిన ఉత్తరంలో నింద ఒక్క మాట లేదు. కొత్త యంత్రాలు వద్దని, ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయికి నెల నెలా జీతం ఇస్తే పొద్దున గంట, సాయంత్రం గంట గది తెరిచి వంతులు చూసుకుంటుందని, ఒక మెకానిక్కు ఏడాదికి ఇంత అని ఒప్పుకుంటే చాలని రాశారు. మేము యంత్రాలకు పెట్టిన ఖర్చులో అది చిన్న భాగం. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన మన ఊరు - మన బడి కార్యక్రమం 26,065 బళ్లను బాగు చేయాలని పెట్టుకుంది. దాతల పేర్లు గదులకు పెట్టే వీలూ అందులో ఉండేది. ఆ తర్వాతి విద్యా సంవత్సరం నుంచే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి. మనం పంపే తెరలో ఆ ఎదుటి పేజీ ఉండదు. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, తెర మీద ఇంగ్లీషు అయితే ఆ బిడ్డ వంతు వచ్చినా రానట్టే. తెలుగులో మాట్లాడే పాఠాలను తయారు చేయించడానికి మనలో ఎంతో మందికి చదువూ అనుభవమూ ఉన్నాయి.

ప్రభుత్వం చేయవలసిన పని మనమెందుకు చేయాలని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఎలాగూ ఇస్తున్నాం కనుక, ఎలా ఇవ్వాలన్నది మన చేతిలో ఉంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడుతున్నాను. బడికి ఇచ్చే ప్రతి పరికరంతో పాటు ఐదేళ్ల మరమ్మతు ఖర్చు, గది తెరిచే మనిషి జీతం విడిగా కట్టి పెట్టాలి. పంచే ముందు టీచర్లను అడగాలి. ఏడాది చివర బడి నుంచి మనం అడగవలసింది ఫొటో కాదు, వంతుల పుస్తకం నకలు. టీచరుగారి పాత పుస్తకాల్లో ఒకటి ఆమె నాకు ఇచ్చారు, సమావేశానికి తీసుకొస్తాను. అందులో 1993 నాటి పేజీలో ఉల్లిపొర కింద నా పేరుంది, ఎదురుగా నాలుగు నిమిషాలు అని రాసి ఉంది.