బోర్డు వదిలేసి మునగమనే ఆ మెసేజ్ ఇక పంపకండి

విశాఖ రుషికొండ బీచ్‌కు పోయి సర్ఫింగ్ చేద్దామని మా హనుమకొండ దోస్తులు అనుకున్నప్పటి నుంచి ఒకటే మెసేజ్ అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది: ‘లాంగ్‌బోర్డుతో అలలు దాటడానికి ఐదు చిట్కాలు’. చదివినకొద్దీ కోపం వస్తోంది.

బోర్డు అడుగున మైనం రాస్తే జారుతుందట. మైనం రాసేది పైభాగానికి, కాళ్లకు పట్టు దొరకడానికి. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

బోర్డు ముక్కును, అంటే ముందు కొనను, నీళ్లలోకి నొక్కి అల కింద నుంచి దూరాలట. అది డక్ డైవ్. ఆరడుగుల సన్నటి షార్ట్‌బోర్డుతో కుదురుతుంది. తొమ్మిది అడుగుల లాంగ్‌బోర్డును మీ బరువుతో ముంచలేరు. సగం మునిగిన ముక్కును అల ఎత్తి మీ ముఖానికేసి కొడుతుంది.

అసలు ప్రమాదం మూడో చిట్కాలో ఉంది. ‘పెద్ద అల వస్తే బోర్డు వదిలేసి మునగండి, తాడు కాలికే ఉంటుంది, బోర్డు ఎక్కడికీ పోదు.’ ఎక్కడికీ పోదా? తాడు కూడా దాదాపు బోర్డంత పొడవే ఉంటుంది. తొమ్మిది, తొమ్మిది కలిపితే పద్దెనిమిది అడుగులు. అల లాగినప్పుడు మీ వెనక అంత దూరం వరకు ఆ బోర్డు, దాని అడుగున ఉండే ఫిన్ (రెక్క) ఎవరికైనా తగలొచ్చు. వెనక ఉండేది ఎవరు? మీతో పాటు రైలెక్కి వచ్చిన మన దోస్తులే! తాడు తెగితే బోర్డు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల మీదికి పోతుంది. ఇది రాసినవాళ్లు దీని గురించి ఒక్క మాటైనా ఆలోచించారా?

చేయాల్సింది టర్టిల్ రోల్. విరిగి వచ్చే అల నురుగుకు ఎదురుగా నేరుగా, వేగంగా ప్యాడిల్ చేయాలి, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోయాలి. అది మీదికి వచ్చే ముందు ఛాతీ దగ్గర రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి బోర్డుతో సహా బోల్తా కొట్టాలి. బోర్డు పైన, మీరు కింద. బోర్డును ఒంటికి దగ్గరగా లాక్కోవాలి, ముక్కు కింద అల దూరకుండా చూసుకోవాలి. అల దాటగానే మళ్లీ తిరిగి, వెంటనే ప్యాడిల్ చేయాలి. ఆగితే తర్వాతి అల వెనక్కి తోసేస్తుంది.

ఒకటి ఒప్పుకుంటాను. పెద్ద అల సరిగ్గా నెత్తిమీద విరుగుతుంటే ఆరితేరినవాళ్లు కూడా బోర్డు వదిలేస్తారు. కానీ ముందు వెనక్కి చూస్తారు. ఆ ముక్క మెసేజ్‌లో లేదు.

బోర్డును డాలులా అడ్డంగా పట్టుకోవాలన్నది నాలుగోది. నడుము లోతులో అలా నిలబడితే ఆ బోర్డే పళ్లు రాలగొడుతుంది. ముక్కు సముద్రం వైపు పెట్టి, బోర్డును పక్కన ఉంచుకుని నడవండి.

చివరిది, ‘పాకాల చెరువులో, వ్యవసాయ బావుల్లో ఈదినోళ్లకు భయమెందుకు, నేరుగా దూసుకుపోండి’. చెరువు మిమ్మల్ని లోపలికి లాగదు, సముద్రం లాగుతుంది. అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో కాస్త శాంతిస్తాయి. ఒడ్డున కూర్చుని అది గమనించి, అలలు విరగని లోతు పక్క నుంచి చుట్టి వెళ్లాలి. వెనక్కి పోయే నీటి ప్రవాహం తరచూ ఉండేది కూడా అక్కడే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డు వెంబడి పక్కకు జరగండి. బోర్డును మాత్రం వదలొద్దు, మిమ్మల్ని తేల్చేది అదే.

అక్కడ నేర్పేవాళ్లను లోతు తక్కువ నీళ్లలో ముందు టర్టిల్ రోల్ చేయించమని అడగండి. అది వచ్చేదాకా నురుగు దాటి పోకండి.