సంతకం ఎవరిది, జవాబు ఎవరిది?

(చర్చాంశం: నలుగురి మంచి కోసమే అయినా కొందరికి నష్టం చేసిన నాయకుడు ఎవరికి, ఎంతవరకు జవాబు చెప్పుకోవాలి? వాదిస్తున్నవారు ఒక మాజీ మంత్రి, ఒక లాయరు.)

మాజీ మంత్రి: మనసు మంచిదైతే సరిపోదు, తన పనివల్ల ఏం జరుగుతుందో ముందే ఊహించి రాజకీయ నాయకుడు దానికి పూచీ పడాలని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో మ్యూనిక్ ప్రసంగంలో చెప్పాడు. నా మాటా అదే. వరద ముంచుకొస్తోంది. నగరం దక్కాలంటే గట్టు తెంచి నీళ్లు పది ఊళ్ల మీదికి వదలాలి. చేతికి మట్టి అంటకూడదనుకునేవాడు అక్కడ ఎందుకూ పనికిరాడు.

లాయరు: తెంచొద్దని నేననడం లేదు సార్. మర్నాడు ఆ పది ఊళ్లవాళ్ల ముందు నిలబడేది ఎవరు? నగరంలో దండలు మీకు, ఊళ్లలో తిట్లు కింది ఇంజనీరుకా?

మాజీ మంత్రి: అందుకేగా రాజీనామా ఉన్నది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. రైలు నడిపింది ఆయన కాదు కదా!

లాయరు: ఆయనంటే నాకు ఎంతో గౌరవం. కానీ రాజీనామాతో లెక్క తేలిపోయిందంటే ఒప్పుకోను. పదవి వదిలేశాడుగా, ఇంకేం కావాలంటూ విచారణను చల్లార్చేవాళ్లే ఎక్కువ. అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా సంగతి చూడండి. వియత్నాం యుద్ధంలో తాము పట్టిన దారి పనిచేయడం లేదని 1967లోనే అధ్యక్షుడికి రాసిచ్చాడు. 1968లో పదవి దిగాడు. ఘోరంగా తప్పు చేశామని ప్రజల ముందు ఒప్పుకున్నది 1995లో. ఆ మాట వినాల్సిన ఎంతమంది తల్లిదండ్రులు అప్పటికే పోయారో!

మాజీ మంత్రి: యుద్ధం మధ్యలో బయటపెడితే అక్కడున్న సైనికుల గతేమిటి?

లాయరు: చచ్చిపోయింది ఆ సైనికులే కదా సార్, వాళ్లతోపాటు అక్కడి జనం. దాచినందువల్ల ఎవరు బతికారో చెప్పండి.

మాజీ మంత్రి: (కాసేపు ఆగి) సరే. కానీ ప్రతి పొరపాటుకీ బోనెక్కిస్తే ఏ మంత్రీ ఫైలు మీద సంతకం పెట్టడు. నిర్ణయం తీసుకోకపోయినా జనం చస్తారు, కాకపోతే ఆ చావులకు ఎవరి పేరూ ఉండదు.

లాయరు: ఈ మాట నిజం, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే నేను ఫలితాన్ని బట్టి శిక్షించమనడం లేదు. సంతకం పెట్టిన రోజున మీకేం తెలుసు, ఎవరు వద్దన్నారు, ఎందుకు కాదన్నారు, ఇవన్నీ ఫైల్లో ఉండాలి. అది నష్టపోయినవాళ్ల హక్కు. రహస్యమైతే కొన్నేళ్లు మూసిపెట్టండి, చించేయకండి.

మాజీ మంత్రి: ఎన్నేళ్లు?

లాయరు: సంతకం పెట్టినవాడు బతికుండగానే తెరిచేటన్ని.

మాజీ మంత్రి: అంత త్వరగా తెరుస్తారంటే ఏ అధికారీ మనసులో మాట కాగితం మీద పెట్టడు. చెవిలో చెప్పి పోతాడు.

లాయరు: అయితే కాగితం మీదికి రాని సలహాను నమ్మి గట్టు తెంచకండి.